పులస – వలస

మాది కొత్తకోట. పాలమూరు మెట్టసీమలో, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రహదారిమీద నున్న ఊరు. నా చిన్ననాట మహబూబ్‌నగరు జిల్లాలోనిది. ఇప్పుడు వనపర్తి జిల్లాలో చేరినది. సముద్రమును కన్నులతో చూడకయే జీవితము వెళ్ళబుచ్చిన వృద్ధులు మా సీమలో కొల్లలుగా నున్నారు. మాకు చేప యనగా చెరువు చేప. వానలు కురిసి చెరువు నిండిన యేడు చేప యుండును. చెరువు ఎండిన యేడు ఉండదు. అయినను మృగశిర కార్తె ప్రవేశించిన దినమున ఎంతటి పేదవాడైనను ఒక చిన్న చేపనైన తెచ్చి ఇంట పులుసు పెట్టించును. ఆ దినమున చేప తిన్నచో వానకాలపు జబ్బులు దరిచేరవని మా పెద్దల నమ్మకము.

చేపలలో పెద్దరికమును మావారు ముండ్లనుబట్టి నిర్ణయింతురు. పుస్తకములలో కొరమీను అని వ్రాయబడు చేపను మేము కొర్రమట్ట యందుము. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనినే రాష్ట్రపు చేపగా ప్రకటించినది. దీనికి నడుమ వెన్నుముల్లు తప్ప సన్నని ముండ్లు చాల తక్కువ. కావున అల్లుడు వచ్చినను, అధికారి వచ్చినను కొర్రమట్టయే వండుదురు. బంగారుతీగ యను చేప రుచికి తక్కువది కాదుగాని దానికి ముండ్లు మెండు. అందుచేత దాని వెల తక్కువ. పరకలను చిన్న చేపలు కూలినాలి వారి పాలు. ముండ్ల చేపను పసిపిల్లలకు పెట్టుటకు తల్లులు భయపడుదురు. ఈ కాలపు పిల్లలైతే ముల్లు కనబడినంతనే పళ్ళెమును దూరముగా నెట్టుచున్నారు.

ఇట్టి సీమలో పుట్టిన నాకు, చేపలన్నిటిలో ముండ్లకు పేరుమోసిన ఒక చేపకొరకు జనులు వేలకొలది రూపాయలు పోయుదురని మొదట విన్నప్పుడు నవ్వు వచ్చినది. ఆ చేపయే గోదావరి పులస. వంగదేశీయులు దీనినే ఇలిష్ అందురు. ఒరియావారు ఇలిషి అనియు, తమిళులు ఉల్లమనియు, సింధునదీ ప్రాంతమువారు పల్లా యనియు పిలుతురు. 1822లో హామిల్టన్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు గంగానదిలోని చేపలనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించుచు దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. వంగదేశపు పేరు నతడు మార్చలేదు. నేటికిని శాస్త్రజ్ఞులు దీనిని టెన్యులోసా ఇలిషా అనియే వ్రాయుచున్నారు.

పులస కవళ్ళ జాతికి చుట్టము. వెన్ను నీలిచాయ గలిగి, ప్రక్కలు కొత్తగా పోత పోసిన వెండివలె మెరయుచుండును. పొట్ట అడుగు భాగమున రంపపు పండ్లవంటి పదునైన పొలుసులు వరుసగా నుండును. సాధారణముగా ఒక కిలో తూగును. రెండు కిలోలకు మించినది దొరకినచో ఆ జాలరి పంట పండినట్లే. ఆడుచేప మగచేపకంటె పెద్దది.

ఈ చేప బ్రదుకు సముద్రములో, పురుడు నదిలో. ఆషాఢ శ్రావణములలో నదికి ఎర్రనీరు దిగి, ఆ నీరు సముద్రములో కలియుచుండగా, పులసలు గుంపులు గట్టి నదీముఖమునకు వచ్చి చేరును. అంతర్వేది యొద్ద, యానాము వైపు గోదావరి పాయలలో ప్రవేశించి, ప్రవాహమున కెదురీదుచు పైకి పోవును. ప్రయాణమునకు ముందే ఒడలిలో కొవ్వు నిలువచేసికొని, దారిబత్తెముగా దానినే ఖర్చు పెట్టుకొనును. పైకి పోయి మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. పెద్ద ఆడుచేప ఒక్కటి లక్షలకొలది గ్రుడ్లు పెట్టగలదు. పిల్లలు నదిలో కొన్ని నెలలు పెరిగి, దిగువకు కొట్టుకొనిపోయి సముద్రమును చేరును. అవి పెరిగి పెద్దవైన పిమ్మట మరల నదినీటికొరకు వెదకుచు వచ్చును. సముద్రములో పట్టిన చేపకును నదిలో పట్టిన చేపకును రుచిలో గల భేదమును తిన్నవారెవ్వరైనను చెప్పగలరు.

ఆ భేదమునుబట్టియే తెలుగువారు ఒకే చేపకు రెండు పేర్లు పెట్టిరి. సముద్రములో నున్నంతకాలము దీనిని విలస యందురు. వలస యనువారును కలరు. నదిలో ప్రవేశించి మంచినీరు త్రాగిన పిదప అది పులస యగును. ఈ మాటల పుట్టుకనుగూర్చి పండితులు ఏమని నిర్ణయింతురో గాని, వలస యను మాట చెవిని బడినప్పుడు పాలమూరువాడు ఉలికిపడక మానడు. ఎందుకో తరువాత చెప్పెదను. ముందు వంట సంగతి.

1994వ సంవత్సరము జులై నెలలో తెలుగు ఉపాధ్యాయుల సమావేశమొకదానికి నేను రాజమహేంద్రవరము పోయితిని. పండిత శిక్షణలో నాకు సహాధ్యాయియైన మిత్రుడొకడు ఆ ఊరివాడు. కొవ్వూరు దాటి రైలు వంతెనమీదికి వచ్చినప్పుడు క్రిందికి చూచితిని. మా కృష్ణను నిండు వరదలో చూచినవాడనే యైనను, ఇంత వెడల్పైన నీటిని నేనెన్నడును చూడలేదు. నీరంతయు ఇటుకపొడి కలిపినట్లు ఎఱ్ఱగా నుండెను. మిత్రుడు స్టేషనుకు వచ్చి నా చేతిసంచి అందుకొని, "నీరెఱ్ఱబడినది చూచితివి గదా! నీ అదృష్టము బాగున్నది. మా అమ్మ నిన్న రాత్రియే పులస వండినది" అనెను.

రాత్రి వండిన పులుసు మరునాటి మధ్యాహ్నము తినుటయేమని నాకు సందేహము కలిగెను. ఆ తల్లి నా ముఖము చూచియే గ్రహించి, "బాబూ! పులసను వండిన పూటనే తినువారు ఆకలికి తినువారు. ఒక రాత్రి నిలిచిన గాని ముక్కకు పులుసు పట్టదు, ముల్లు మెత్తబడదు" అని చెప్పెను. వండిన విధమును నేనడుగగా ఆమె సంతోషముతో వివరించెను. ఆ మాటలను నేను ఆనాడే నోటుపుస్తకములో వ్రాసికొంటిని.

పులసకు మట్టిచట్టియే తగిన పాత్ర. చేపను పొలుసు తీసి, కడిగి, అడ్డముగా మందపు ముక్కలు కోయవలెను. ఉప్పు, పసుపు, కారము పట్టించి కొంతసేపు ఉంచవలెను. చట్టిలో నూనె కాచి, నూరిన ఉల్లిముద్దను పచ్చివాసన పోవువరకు వేయించి, చీల్చిన పచ్చిమిరపకాయలను వేసి, చిక్కని చింతపండు పులుసు పోయవలెను. పులుసు తెర్లుచుండగా ముక్కలను ఒక్కొక్కటిగా జారవిడిచి, లేత బెండకాయలను నిడుపుగానే వేయవలెను. అటుపిమ్మట గరిటె పెట్టరాదు. గరిటె పెట్టినచో ముక్క చిదిసి, ముండ్లన్నియు పులుసులో కలియును. చట్టి అంచును గుడ్డతో పట్టుకొని మెల్లగా త్రిప్పవలెను. కట్టెల మంట తగ్గించి, సన్నని సెగమీద చాలసేపు ఉడుకనీయవలెను. దింపబోవుముందు కొంచెము వెన్నయు, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెయు వేయుదురు. ఆవకాయ నూనె సంగతి చెప్పునప్పుడు ఆమె గొంతు తగ్గించినది. అది ఆ యింటి రహస్యమని నేననుకొంటిని. తరువాత విచారింపగా గోదావరి తీరమున చాల ఇండ్లలో ఆ రహస్యము ఉన్నదని తెలిసినది.

అరటి ఆకులో అన్నము వడ్డించి, నడుమ ఒక ముక్క పెట్టిరి. నేను మొదటి ముద్ద నోట పెట్టుకొని, రుచి అమోఘముగా నున్నదని చెప్పబోవునంతలో ఆమె చేయెత్తి వారించినది. "మాటలు తరువాత, బాబూ! నోటిలో పులస యుండగా మాట్లాడరాదు." ఆ యింట పిల్లలు, పెద్దలు అందరును మౌనముగా తినుచుండిరి. ఏడెనిమిదేండ్ల పిల్లవాడొకడు నా ప్రక్కన కూర్చుండెను. వాడు ముక్కను తొందరపడి చిదుమలేదు. బొటనవ్రేలితో కండను పొర వెంబడి మెల్లగా తెరచి, కనబడిన ముల్లును కొసపట్టి లాగి, ఆకు అంచున పెట్టుచుండెను. కనబడక నోటిలోనికి పోయినదానిని నాలుకతో అంగిలికి అదిమి పట్టి, పెదవుల నడుమకు తెచ్చి తీసివేయుచుండెను. నేనును వాని చేతిని చూచి అట్లే చేసితిని. ఒక ముక్క ముగించుటకు నాకు అరగంట పట్టినది. అంత నెమ్మదిగా అంతకుముందు నేనెన్నడును భోజనము చేసి యెరుగను. రుచి సంగతి ఇప్పటికిని చక్కగా వర్ణింపలేను. కండ వెన్నవలె నుండెను. పులుపు, కారము, చేప కొవ్వు మూడును ఒకదానిలో నొకటి కరగిపోయి యుండెను. చేప వెల ఎంతయని రెండుసార్లు అడిగితిని. ఎవ్వరును చెప్పలేదు.

ఈ చేపకు ఇన్ని ముండ్లు ఎందుకున్నవి? వెన్నెముకకు అతుక్కొని యున్న పెద్ద ముండ్లు అన్ని చేపలకు నున్నట్లే దీనికిని ఉన్నవి. అవికాక, కండపొరల నడుమ వెన్నెముకకు అంటక తేలుచుండు సన్నని ముండ్లు దీనికి మిక్కుటము. వానిలో చాలవాటి కొసలు పంగలకర్రవలె రెండుగా చీలి యుండును. కండలోని బలము తోకవరకు చేరుటకు ఈ ముండ్లు తోడ్పడునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా చెరువులలోని బంగారుతీగకును ఇట్టి పంగలముండ్లే యున్నవి.

ముల్లు గొంతులో చిక్కినచో అన్నపు ముద్దనో, అరటిపండు ముక్కనో నమలకుండ మ్రింగుమని ఇంటింట చెప్పుదురు. వైద్యులు దీనిని మెచ్చరు. ముల్లు మరింత లోతుగా దిగబడవచ్చునట. వ్రేలు పెట్టి కెలకుటయు మంచిది కాదు. నొప్పి తగ్గనిచో గొంతు వైద్యుని చూడవలెను. ఆయన తగిన పరికరముతో నిమిషములో తీసివేయును. ఇది గుర్తుంచుకొనుడు.

వంగదేశపు వంట వేరు. వారు చింతపండు వాడరు. ఆవాలు, పచ్చిమిరపకాయలు కలిపి నూరి, ఆవనూనెతో ముక్కలకు పట్టించి, మూతపెట్టిన గిన్నెలో ఆవిరిమీద ఉడికింతురు. లేదా అరటి ఆకులో పొట్లము కట్టి కాల్చుదురు. వేయించినప్పుడు చేపనుండి కారిన నూనెను వేడి అన్నములో కలుపుకొని తినుటయు కలదు. చేప తలను బచ్చలికూరలో వేసి వండుదురు. బంగ్లాదేశమునకు ఇది జాతీయ మత్స్యము. ప్రపంచములో పట్టబడు ఇలిష్‌లో అధికభాగము ఆ దేశమునదే. కలకత్తాలో ఈ చేప ఆటస్థలము వరకును ప్రాకినది. అచట 1889లో స్థాపింపబడిన మోహన్ బగాన్, 1920లో స్థాపింపబడిన ఈస్ట్ బెంగాల్ అను రెండు ఫుట్‌బాల్ సంఘములకు చిరకాలపు పోటీ. తూర్పు వంగమునుండి వచ్చినవారి అభిమాన జట్టు గెలిచిన దినమున ఇండ్లలో ఇలిష్ వండుదురు. రెండవ జట్టు గెలిచినచో రొయ్యలు వండుదురు. అంగడిలో చేపల ధరను చూచియే ఆటలో ఎవరు గెలిచిరో చెప్పవచ్చునని అచటివారు పరిహాసమాడుదురు.

చరిత్ర చదువు పిల్లలకు ఒక మాట. రాజధానిని ఢిల్లీనుండి దేవగిరికి మార్చిన ముహమ్మదు బిన్ తుగ్లకు 1351లో సింధుదేశమున ఠట్టా నగరము సమీపమున మరణించెను. ఉపవాసము విడిచి చేప తినగా జ్వరము తిరుగబెట్టెనని చరిత్రకారుడు బరనీ వ్రాసెను. ఆయన చేప పేరు చెప్పలేదు. సింధునది ఒడ్డు గనుక అది పల్లాయే యైయుండునని తరువాతివారు కొందరు ఊహించిరి.

ఇక వలస సంగతి.

గోదావరి పులస ఒకప్పుడు నదిలో చాల దూరము ఎగువకు పోయెడిది. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టుట ప్రారంభించి 1852లో ముగించెను. అంతకుముందు కరువులచేత నలిగిపోయిన ఆ సీమ ధాన్యాగారమైనది. గోదావరి ప్రజలు కాటన్ దొర విగ్రహములను ఊరూర నిలిపి నేటికిని పూలమాలలు వేయుచున్నారు. వారి కృతజ్ఞత న్యాయమైనది. కాని ఆ గోడ లేచిన దినమునుండి పులసకు ఎగువ దారి మూసికొనిపోయినది. పాత ఆనకట్ట స్థానమున వచ్చిన కొత్త బ్యారేజి యొద్ద నేడును పులస ప్రయాణము ఆగిపోవుచున్నది. కృష్ణకు బెజవాడలో 1855 నాటికి ఆనకట్ట ఏర్పడెను. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. కావేరికి 1934లో మెట్టూరు ఆనకట్ట కట్టిరి. సింధునదికి 1955లో కోట్రి యొద్ద బ్యారేజి వచ్చెను. గంగానదిలో అలహాబాదు వరకును పోయెడి ఇలిష్ 1975లో ఫరక్కా బ్యారేజి పూర్తియైన పిదప ఎగువ ప్రాంతములలో అపురూపమైపోయెను. బీహారులోని జాలరి కుటుంబములు ఎన్నో ఆ జీవనాధారమును కోల్పోయెను.

ఆనకట్టలు కట్టినదెవరు? ఇంజనీర్ల పేర్లు శిలాఫలకములమీద నున్నవి. తట్టలు మోసినవారిలో మా పాలమూరువారు అసంఖ్యాకులు. వాననీరు తప్ప వేరు దిక్కులేని మా సీమనుండి, పంట చేతికి రాని యేడు, గుంపు మేస్త్రీ చేతిలోనుండి అడ్వాన్సు తీసికొని, ఊరికి ఊరు కదలిపోయెడిది. కాలువ త్రవ్వుచోట, కొండ పగులగొట్టుచోట, కట్ట పోయుచోట 'పాలమూరు కూలి' యను మాట దేశమంతట వినబడెడిది. మా నాయనయు అట్లే నాగార్జునసాగరమునకు పోయెను. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడిన ఆ మహాకట్టడము రాతికట్టడము. యంత్రములకంటె ఎక్కువగా మనుష్యుల భుజములమీదనే లేచినది. ఆయన యేడాదికి రెండుమారులు ఇంటికి వచ్చి, రాత్రులందు మాకు అచటి వింతలు చెప్పెడివాడు. కట్ట దిగువ మడుగులలో చేపలు గుంపులుగా చేరి, రాతిగోడకు ఎగిరెగిరి తగులుచుండెడివట.

"అవి ఎందుకట్లు కొట్టుకొనుచున్నవి, నాయనా?" అని నేనడిగితిని.

"పైకి పోవలెనని, బిడ్డా! వాని ఊరు పైన నున్నది గాబోలు" అనెను.

అవి పులసలు కావు. పులసను అప్పటికి నూరేండ్ల క్రిందటనే బెజవాడ ఆనకట్ట ఆపివేసియుండెను. కాని రాజమహేంద్రవరమున పులస కథ విన్నప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది మా నాయన చెప్పిన ఆ చేపలే.

నేను ఉపాధ్యాయుడనై, పిదప ప్రధానోపాధ్యాయుడనై పనిచేసిన పాఠశాలలలో దసరా సెలవులు ముగియగానే హాజరుపట్టీలో ఖాళీలు కనబడెడివి. తల్లిదండ్రుల వెంట పిల్లలు పోయెడివారు. బొంబాయి, పూనా పట్టణములలో మేడలు లేచుచోట ఇసుక కుప్పలమీద వారి బాల్యము గడచెడిది. మృగశిర నాటికి కొందరు తిరిగి వచ్చెడివారు; కొందరు వచ్చెడివారు కారు. వచ్చినవారిని నేను పేరు పెట్టి పిలిచి, వారి వారి స్థానములలోనే కూర్చుండబెట్టెడివాడను. ఒక బాలిక పూనానుండి మరాఠీ ఎక్కములు నేర్చుకొని వచ్చి తరగతిలో అప్పజెప్పినది. పిల్లలు నవ్విరి. నేను ఆ యెక్కములను నల్లబల్లమీద వ్రాయించి అందరిచేతను చదివించితిని.

జూరాల, భీమా, కల్వకుర్తి జలములు మా పొలములకు వచ్చిన పిదప వలసలు చాలవరకు తగ్గినవి. ఖాళీలతో నుండిన హాజరుపట్టీ నిండినది. కాబట్టి ఆనకట్టను నిందించుటకు నాకు నోరు రాదు. ఒక కట్ట మా పిల్లలను ఇంట నిలిపినది; అట్టి కట్టయే మరియొక ప్రాణిని ఇంటికి పోనీయక ఆపినది. ఈ రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచు పుస్తకములు నాకు నచ్చవు.

చేయదగిన పనులు లేకపోలేదు. బంగ్లాదేశ ప్రభుత్వము ఇలిష్ గ్రుడ్లు పెట్టు కాలమున యేటేట 22 దినములు వల వేయరాదని నిషేధించుచున్నది. 25 సెంటీమీటర్లకు లోబడిన పిల్లచేపను పట్టుట అచట నేరము. తూర్పు వంగపు కుటుంబములు కొన్ని విజయదశమి మొదలుకొని సరస్వతీపూజ వరకు ఇలిష్ ముట్టరు. సరస్వతీపూజనాడు జంట చేపలను పసుపు కుంకుమలతో ఇంటికి తెచ్చి మరల మొదలుపెట్టుదురు. శాసనములు పుట్టకముందే ఆడువారు ఇంట పెట్టుకొన్న శాసనమిది. మనదేశపు మత్స్య పరిశోధకులు ఫరక్కాకు దిగువన పట్టిన ఇలిష్‌లను ఎగువనీటిలో విడిచిపెట్టుచున్నారు. వంతెనలకు మెట్లుండునట్లు, చేపలు ఎక్కిపోవుటకు ఆనకట్టలలో మెట్ల కాలువలు కట్టు పద్ధతియు పాశ్చాత్య దేశములలో నున్నది. మా ఊరికి పొరుగుననే పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల వెలసినది. ఇది చదువుచున్న మీలో ఎవరైనను అచట చేరి, మన నదులకు తగిన మెట్టు ఎట్లుండవలెనో ఆలోచింతురేమో!

గోదావరిలో పులస నానాటికి అరుదగుచున్నది. ఇటీవల యానాములో రెండు కిలోల చేప యొక్కటి 20,000 రూపాయలకు పైగా వేలము పలికినట్లు పత్రికలలో చదివితిని. సముద్రపు చేపను, పరరాష్ట్రములనుండి మంచులో వచ్చిన చేపను పులసయని అమ్ము మోసమును పెరిగినది. 'పుస్తెలమ్మియైనను పులస తినవలెను' అని ఆ సీమలో ఒక సామెత కలదు. తెలుగు పండితుడనైనను ఈ సామెత నాకు నచ్చదు. పుస్తెలు ఇల్లాలివి. సామెత కట్టిన మహానుభావుడు ఆమెను అడిగియుండడు.

1994 తరువాత నేను పులస తినలేదు. తినవలెనని తహతహయును లేదు. దానివలన నేర్చినది మాత్రము మా చెరువు చేపకు పనికివచ్చినది.

మా కొత్తకోటకు సమీపమున సరళాసాగరమను జలాశయము కలదు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి పేరిట 1949లో దీనికి పునాది వేయించెను; 1959లో పూర్తియైనది. దీనికి తలుపులు లేవు. నీరు నిండుమట్టమునకు రాగానే సైఫనులనబడు గొట్టములు మనుష్యుల ప్రమేయము లేకయే నీటిని తమంతట లాగి దిగువకు వెళ్ళగ్రక్కును. 2019 డిసెంబరు 31వ తేదీన దీని కట్ట తెగినది. తరువాత మరల కట్టిరి. సైఫనులు పారిన దినమున చుట్టుప్రక్కల ఊళ్ళవారందరును వలలతో, బుట్టలతో, పాత చీరలతో దిగువకు పరుగెత్తుదురు. నురుగు నీటిలో చేపలు ఎదురెక్కుచుండును. వానిలో గ్రుడ్లతో నిండినవి చాల ఉండును. వానిని విడిచిపెట్టుడని నేను చెప్పినప్పుడు పెద్దలు నవ్వుదురు; పిల్లలు కొందరు విడిచిపెట్టుదురు.

క్రిందటి వానకాలమున నా పూర్వ విద్యార్థి యొకడు, ఇప్పుడు చెరువు సంఘములో సభ్యుడు, ఒక బంగారుతీగను తెచ్చి, "సార్, దీనికి ముండ్లెక్కువ, మీ ఇంట తినరేమో" అని సందేహించుచునే ఇచ్చెను. నేనే పొయ్యి ముట్టించితిని. ముక్కలమీద పంగలముండ్లు తెగునట్లు కత్తితో దగ్గరదగ్గరగా సన్నని గాట్లు పెట్టితిని. మట్టిచట్టి, చిక్కని చింతపండు, సన్నని సెగ, చివర ఆవకాయ నూనె. గరిటె పెట్టనీయలేదు. వెన్న మాత్రము వేయలేదు. ఈ చేపకది అవసరము లేదనిపించినది. మరునాటి ఉదయము జొన్నరొట్టెతో వడ్డించితిమి.

తొమ్మిదేండ్ల నా మనుమరాలు చేప ముట్టనని భీష్మించుకొని కూర్చుండినది. అంతకు రెండేండ్లముందు దాని గొంతులో ముల్లు చిక్కి వైద్యునియొద్దకు పోవలసివచ్చెను. నేను బలవంతము చేయలేదు. ప్రక్కన కూర్చుండి, బొటనవ్రేలితో కండను తెరచి, ముండ్లను తీసి పళ్ళెపు అంచున వరుసగా పెట్టుచుంటిని. కొంతసేపు చూచి, తినకుండ ముండ్లు మాత్రము తీయుదునని ముందుకు జరిగినది. ఒకటి తీసెను, రెండు తీసెను. చేతికంటిన పులుసును నాకి చూచెను. పిదప చిన్న ముక్కను నోట పెట్టుకొని, కన్నులు మూసికొని, నాలుకతో వెదకసాగినది. చాలసేపటికి పెదవుల నడుమనుండి సన్నని పంగలముల్లొకటి బయటికి వచ్చినది. దానిని వెలుతురుకు పట్టి చూచి, వరుస చివర పెట్టి, మొదటినుండి లెక్కించినది.

"తాతా! పదునేడు. ఈ పంగలవి ఒకటి కింద లెక్కనా, రెండు కిందనా?"